నల్ల పడవ వాటా

అనకాపల్లి బెల్లం మార్కెట్టులో నూకరాజు కాటా దగ్గర నిలబడ్డాడంటే రైతు నిశ్చింతగా టీ తాగడానికి పోవచ్చు. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకి అదే పేరు. తూకం రాళ్ళ రోజుల్లోనూ అంతే, ఎర్రంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటా వచ్చాకా అంతే. రావికమతం నుంచి వచ్చిన బండయినా, మాకవరపాలెం నుంచి వచ్చిన ఆటో అయినా, బెల్లం దిమ్మలు దింపించి, కాటా మీద చీపురుపుల్ల కూడా లేకుండా తుడిపించి, అంకె కదలకుండా నిలిచేదాకా చుట్టూ ఎవరినీ మాట్లాడనివ్వడు. మంచి మనిషే. కాకపోతే ఆ కాటాని మార్కెట్లో వదిలి ఇంటికి రాడు, నెత్తిన పెట్టుకునే తిరుగుతాడు. కూరలో ఉప్పు మొదలుకొని పెళ్ళిళ్ళలో వడ్డన దాకా అన్నీ ఆయన తూచాల్సిందే. భార్య చిన్నమ్మలు ఆయన తూకం మొదలెట్టగానే పక్కగదిలోకి వెళ్ళిపోవడం ఎప్పుడో నేర్చుకుంది.

ఇలాంటి మనిషి చేతికి ఒక ఆట దొరికితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఆట దొరికింది మహేశ్వరరావు వల్ల. స్టేషను రోడ్డులో జిరాక్స్ షాపు ఆయనది. లాక్‌డౌన్లో షాపు మూసుకుని గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో, విశాఖపట్నంలో ఎవరో అమ్మేస్తున్నారని తెలిసి ఒక బోర్డు ఆట పెట్టె కొనుక్కొచ్చాడు. పెట్టె మీద పేరు ఇంగ్లీషులో ఉంటే 'ఏడు రేవులు' అని తనే తెలుగు పేరు పెట్టాడు. కార్డుల మీద రాసిందంతా తెలుగులోకి మార్చి, చిన్న చీటీలుగా కొట్టి, అతికించి, లామినేషన్ చేశాడు. తర్వాత ఆటలో చేరిన, చదువు రాని ఎరుకమ్మ కోసం ప్రతి కార్డు మూలనా ఒక బొమ్మ కూడా వేశాడు. చేతిలో మిషన్లున్న మనిషికి పనిలేకపోతే ఇలాంటి గొప్ప పనులే చేస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, జిరాక్స్ కాయితాల బల్ల మీద బోర్డు పరిచి, ఐదుగురు కూర్చునేవారు. మహేశ్వరరావు, నూకరాజు కాక మిగిలినవాళ్ళు ముగ్గురు. దేవీప్రసాద్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్, చిన్నమ్మలుకి తమ్ముడు, అంటే నూకరాజుకి బావమరిది. బిందుమాధవి రోజూ రైలెక్కి ఎలమంచిలి వెళ్ళి లెక్కలు చెప్పొచ్చే టీచరు. ఎరుకమ్మ పూడిమడక నుంచి చేపలు తెచ్చి అమ్మే మనిషి. ఆదివారం గంప ఖాళీ అయ్యాక సాయంత్రం బస్సు దాకా నీడ కోసం ఆ షాపు మెట్ల మీద కూర్చునేది. ఒకరోజు లోపలికి తొంగిచూసి, పడవల ఆట ఆడుతూ పడవెక్కనివాళ్ళు నలుగురే ఉన్నారేటి అని నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత లేవలేదు.

ఆట పెద్ద కష్టమైనదేమీ కాదు. బోర్డు నిండా సముద్రం, ఒక పక్క తీరం, తీరం వెంట ఏడు రేవులు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు పడవ. ఒక రేవులో బెల్లమో ఉప్పో చేపలో కొని, ఇంకో రేవులో అమ్మాలి. ఎవరి దగ్గర ఎక్కువ బిళ్ళలు పోగుపడితే వాళ్ళు గెలిచినట్టు. నూకరాజుది నల్ల పడవ. పదాటల్లో తొమ్మిది ఆయనే గెలిచేవాడు. గెలిస్తే గెలిచాడు, ఊరుకోవచ్చుగా. పక్కవాళ్ళ బిళ్ళలు కూడా వంతువంతుకీ తనే సరిచూసేవాడు. 'మర్చిపోయావు తల్లీ, ఒకటి వెనక్కి పెట్టు' అని బిందుమాధవికి, 'అదలా కదలదు' అని మహేశ్వరరావుకి చెబుతూనే ఉండేవాడు. ఆయన చెప్పింది ప్రతిసారీ రైటే కావడం ఇంకా పెద్ద బాధ.

నాలుగేళ్ళు గడిచేసరికి ఆ ఆటలో పస చచ్చిపోయింది. మొదటి వంతులో నూకరాజు బెల్లం కొంటాడని, ఎరుకమ్మ ఉప్పు జోలికి పోతుందని, దేవీప్రసాద్ తొందరపడి మునుగుతాడని అందరికీ ముందే తెలుసు. కొత్త ఎత్తు లేదు, కొత్త నవ్వు లేదు. ఆట చప్పబడినకొద్దీ చిరాకులు పెరిగాయి. చివరికి మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం అది కాస్తా బద్దలైంది.

రెండు రాత్రులు వరసగా డ్యూటీ చేసి కళ్ళు ఎర్రబడి వచ్చాడు దేవీప్రసాద్. అతని దగ్గర ఒక బెల్లం బిళ్ళ ఎక్కువుందన్నాడు నూకరాజు. లేదన్నాడతను. లెక్కపెట్టమన్నాడీయన. ఒకసారి, రెండుసార్లు, అందరి ముందూ మూడోసారి. రెండు బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయని తేలింది. అక్కడితో ఆగాల్సింది. 'సూసుకోవాలి మరి' అన్నాడు నూకరాజు. దేవీప్రసాద్ బిళ్ళలన్నీ బల్ల మీదకి తోసేశాడు.

"కాటా కాడ వేలెట్టినట్టు ఇక్కడా ఎడతన్నావేటి బావా?"

కాటా దగ్గర నిలబడేవాడికి, తూకంలో వేలు పెట్టి మోసం చేస్తాడనడం కంటే పెద్ద తిట్టు లేదు. తిట్టినవాడికి కూడా ఆ మాట నోరు జారాకే తెలిసింది. నూకరాజు చెప్పులేసుకుని, వంగి షట్టరు కింద నుంచి బయటికి వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఆ రోడ్డు మొహం చూడలేదు. జిరాక్స్ తీయించాలంటే అర కిలోమీటరు చుట్టు తిరిగి ఇంకో షాపుకి వెళ్ళేవాడు. మహేశ్వరరావు ఫోన్ చేస్తే ఎత్తలేదు. దేవీప్రసాద్ రెండుసార్లు ఇంటికొచ్చాడు. వచ్చిన రెండుసార్లూ నూకరాజు దొడ్లో స్నానానికి దూరాడు. రెండోసారైతే ఒక్క బకెట్టు నీళ్ళతో గంటంబావు స్నానం చేశాడు. చిన్నమ్మలు తమ్ముడికి టీ ఇచ్చి, 'మీ బావ ఇంకా వీపు రుద్దుకుంటన్నాడు, నువ్వెళ్ళు' అని పంపించేసింది.

ఇలా చెబితే మొండివాడనే అనిపిస్తుంది. మొండివాడే. కానీ ఆదివారం మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆయన పడే అవస్థ చిన్నమ్మలుకే తెలుసు. చొక్కా వేసుకునేవాడు, విప్పేవాడు. టీవీ పెట్టేవాడు, తీసేసేవాడు. వాళ్ళు వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళతారని లోపల ఒక ఆశ. వస్తే దొడ్లోకి పారిపోతాడు, రాకపోతే గుమ్మం వైపు చూస్తాడు. మూడోసారి దేవీప్రసాద్ రాలేదు. ఆ నాలుగు మొహాలూ లేకుండా, మార్కెట్టూ ఇల్లూ తప్ప ఇంకేమీ లేని మనిషిగా మిగిలిపోతానేమోనన్న భయం ఆయనకి అప్పుడు పట్టుకుంది. నలుగురితో చెప్పుకునే భయం కాదది. మింగలేక, కక్కలేక తిరిగాడు.

పదకొండో ఆదివారం రాత్రి భోజనాలయ్యాక చిన్నమ్మలు ఫోన్‌లో తమ్ముడి వాట్సాప్ స్టేటస్ చూస్తోంది. ఈయన భుజం మీంచి తొంగిచూశాడు. జిరాక్స్ షాపు బల్ల, దాని మీద అదే బోర్డు. కానీ బోర్డు మీద ఎప్పుడూ చూడని బూడిదరంగు చక్రం ఒకటి ఉంది, కొత్త కార్డులున్నాయి. ఎరుకమ్మ నోరంతా తెరిచి ఏదో అంటోంది. బిందుమాధవి తల పట్టుకుంది. మహేశ్వరరావు నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర మహేశ్వరరావు అలా నవ్వడం నూకరాజు చూడలేదు.

ఫోన్ లాక్కుని రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసి పడవలు లెక్కపెట్టాడు. ఐదు.

మళ్ళీ లెక్కపెట్టాడు. ఎరుపు దేవీప్రసాద్‌ది, ఫొటో తీసింది వాడే కాబట్టి వాడు కనపడడు. ఆకుపచ్చ ఎరుకమ్మది, పసుపు మహేశ్వరరావుది, నీలం బిందుమాధవిది. ఐదోది నల్లది. ఫొటో అంచున ఒక ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు కనపడుతున్నాయి. ఆ కుర్చీలో ఎవరున్నదీ ఫొటోలో పడలేదు.

తన జాగాలో ఎవరినో కూర్చోబెట్టారు. తన పడవే ఇచ్చి కూర్చోబెట్టారు.

"ఎవుడాడు?" అని అడిగాడు చిన్నమ్మలుని.

"నాకేటి తెలుసు? ఎళ్ళి సూసుకో" అంది చిన్నమ్మలు ఫోన్ వెనక్కి తీసుకుంటూ.

ఆ వారం నూకరాజు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మార్కెట్లో ఎవరిని చూసినా వీడేనేమో అనిపించేది. తాలూకాఫీసు గుమాస్తా కిరణ్ కావచ్చు, కుర్రాడు తెలివైనవాడు. త్రినాధరావు మేస్టారు కావచ్చు, ఆయనకీ ఆదివారాలు ఖాళీయే. శుక్రవారం ఒక దిమ్మ తూకం రెండుసార్లు రాసి, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఒక రైతు చేత 'బాబూ, ఇది రాసేసేరు' అనిపించుకున్నాడు. తనని ఎవరూ బతిమాలడం లేదన్న కోపం ఎప్పుడో చల్లారిపోయింది. ఇప్పుడున్నది కోపం కాదు. తను లేకపోయినా ఆ బల్ల నిండిపోయింది, పైగా నవ్వుతోంది. ఆ నవ్వే ఆయన్ని కోసేస్తోంది.

ఆదివారం మూడింటికి ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని బయల్దేరాడు. జిరాక్స్ తీయించుకోవడానికట. ఆదివారం మధ్యాహ్నం, షట్టరు సగం దించిన షాపులో. సాకు ఎంత బాగుందో ఆయనకీ తెలుసు. షట్టరు దగ్గర ఒక క్షణం నిలబడ్డాడు. లోపల ఎరుకమ్మ గొంతు, 'తాడెయ్యి, తాడెయ్యి' అంటోంది. వంగి లోపలికి వెళ్ళాడు.

నలుగురే ఉన్నారు. ఐదో కుర్చీ తను ఎప్పుడూ కూర్చునే చోటే, గోడవార ఉంది. దాని మీద మనిషి లేడు, కనీసం సంచి కూడా లేదు. దాని ముందు బల్ల మీద కొన్ని కార్డులు బోర్లా పేర్చి ఉన్నాయి. సముద్రం మధ్యలో నల్ల పడవ, దానికి ఒక చిన్న దారం. దారం రెండో కొస దేవీప్రసాద్ ఎర్ర పడవకి కట్టి ఉంది.

దేవీప్రసాద్ చేతిలో కార్డు చేతిలోనే ఉండిపోయింది. నూకరాజు జేబులోంచి ఆధార్ కార్డు తీశాడు, ఎందుకు తీశాడో మర్చిపోయాడు.

"ఆ ఐదో ఆయన రాలేదేటి?" అన్నాడు.

"ఇప్పుడే వచ్చేడు" అంది ఎరుకమ్మ. "కూకో తమ్ముడా."

అర్థం కాలేదాయనకి. నల్ల పడవ ఎవరు ఆడుతున్నారని అడిగాడు. ఎవరూ ఆడటం లేదని బిందుమాధవి చెప్పింది. మరి బోర్డు మీద ఎందుకుందంటే, జవాబు ఎరుకమ్మే చెప్పింది.

"మా కాడ పెద్దవల లాగినప్పుడు, జొరమొచ్చి ఇంటికాడ పడుకున్నోడికీ మా నాయిన వాటా తీసేవోడు. అలిగి రానోడికీ తీసేవోడు. వాటా తియ్యకపోతే ఆడు మరింక ఒడ్డుకి రాడు అనేవోడు. నాను పడవలు పేర్చినాను. మనం ఐదుగురిమి, ఐదు పేర్చినాను. తప్పేటి?"

నూకరాజు కూర్చున్నాడు.

మిగతాది మహేశ్వరరావు చెప్పాడు. నూకరాజు వెళ్ళిపోయిన తర్వాతి వారం ఆట మూలన పడేశారట. ముగ్గురూ కూర్చుని, టీ తాగి, మొహాలు చూసుకుని లేచిపోయారు. దేవీప్రసాద్ అసలు రానేలేదు. పెట్టె ఎవరికైనా అమ్మేద్దామని విశాఖలో తనకి తెలిసినవాళ్ళకి ఫోన్ చేస్తే, అమ్మొద్దు, ఆ ఆటకి కొత్తగా తుపాను పేరుతో ఎక్స్‌పాన్షన్ ఒకటి వచ్చింది, అది ఆడి చూడండి అన్నారు. ఎక్స్‌పాన్షన్ అంటే పాత ఆటకి కలుపుకునే ఇంకో చిన్న పెట్టె. ఎరుకమ్మకి ఆ మాట నోరు తిరక్క, తోడుపెట్టె అని పేరు పెట్టింది. గిన్నెడు పాలలో చెంచాడు తోడేస్తే పాలు పాలుగా ఉండవు కదా, అలాగే అదే బోర్డు, అవే పడవలు, ఈ చిన్న పెట్టె కలిపేసరికి వేరే ఆట అయిపోయింది. దీన్లో ఒకరి మీద ఒకరు గెలవడం లేదు. బూడిదరంగు చక్రం తుపాను. చుట్టుచుట్టుకీ అది తీరం వైపు జరుగుతుంది. అది వచ్చేలోపు బోర్డు మీదున్న పడవలన్నీ ఒడ్డెక్కాలి. ఎక్కితే అందరూ గెలిచినట్టు, ఒక్కటి మిగిలిపోయినా అందరూ ఓడినట్టు. ఎవరి పడవైనా చిక్కుకుంటే ఇంకొకరు దారం కట్టి లాగొచ్చు, కాకపోతే అడుగుకి రెండడుగుల ఖర్చు.

ఇది వచ్చాక ఎవరి బిళ్ళలు ఎవరూ చూడటం లేదట. తుపాన్ని చూడటానికే టైము చాలటం లేదట. ఇది వింటే బావ తప్పకుండా వస్తాడని చెప్పి దేవీప్రసాద్‌ని మొదటి వారం లాక్కొచ్చారు. వాడు వచ్చాడు, నల్ల పడవ అక్కడ చూశాడు, కూర్చున్నాడు.

ఇన్ని వారాల్లో ఎన్ని గెలిచారని నూకరాజు అడిగాడు. ఒక్కటీ లేదన్నారు. నాలుగు పడవలు కూడా ఎప్పుడూ ఒడ్డెక్కలేదు, మూడే ఎక్కువ. ఒక్కటీ గెలవకుండా ఇన్ని వారాలు ఎలా ఆడారా అని ఆయనకి ఆశ్చర్యమేసింది. ఆశ్చర్యం వెనకే పాత బుద్ధి తలెత్తింది. రూల్సు పుస్తకం ఇలా ఇమ్మన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, మహేశ్వరరావు తెలుగులో కొట్టిన నాలుగు పేజీలూ వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళాడు. మూడో పేజీలో వేలు ఆగింది.

"ఇదిగో. బల్ల కాడ ఎంతమంది కూకుంటే అన్నే పడవలు పెట్టాలని రాసుంది. మీరు నలుగురు కూకుని ఐదు పెడితే ఎలా గెలుత్తారు? ఐదో పడవకి వంతు లేదు, అది కదలదు, దాన్ని లాగలేక మీరూ మునిగిపోతన్నారు. ఇది తీసేస్తే ఎప్పుడో గెలిచేసుందురు."

పట్టేశాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. వేలు ఇంకా ఆ లైను మీదే ఉంది. తలెత్తి చూసేసరికి ఎవరి మొహంలోనూ తప్పు దొరికిపోయిన కంగారు లేదు. బిందుమాధవి బల్ల వైపు చూస్తూ మెల్లిగా చెప్పింది.

"తెలుసు బాబాయ్. మూడో వారమే నేను చదివి చెప్పేను. మొదట మాకు తెలీకే పెట్టేం. తెలిశాక తీసేద్దామని చెయ్యి కూడా వేసేను."

"మరి తియ్యలేదే?"

దేవీప్రసాద్ షట్టరు వైపు చూస్తున్నాడు, అక్కడేదో కరెంటు తీగ తెగిపడ్డట్టు. ఎరుకమ్మకి మొహమాటాలు లేవు.

"నీ బావమరిది ఒద్దన్నాడు. ఓడిపోతే ఓడిపోదాం, బావ పడవ ఉండనీ అన్నాడు. అప్పుట్నించీ ఆడే లాగతన్నాడు. ఆడి పడవ ఒక్కసారీ ఒడ్డెక్కలేదు."

నూకరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుంటే మళ్ళీ మసకగానే ఉంది. తను దొడ్లో వీపు రుద్దుకుంటున్న ఆదివారాలన్నీ ఇక్కడ తన పడవని ఒకడు తాడు కట్టి లాగుతున్నాడు. మిగిలిన ముగ్గురూ గెలుపు వదులుకుని, లాగడానికి వాడికి సాయం చేస్తున్నారు. తన జాగాలో ఎవరినో కూర్చోబెట్టారని వారం రోజులు కుమిలిపోయాడు కదా, ఆ జాగాలో సంచి కూడా పెట్టలేదు వీళ్ళు. ఇంత ప్రేమ తనకి ఎందుకు దక్కిందో ఎంత ఆలోచించినా ఆయనకి తోచలేదు. మార్కెట్లో అందరూ తనని నమ్ముతారు, అది వేరు. ఇది నమ్మకం కాదు, ఇంకేదో. దానికి ఆయన దగ్గర రాయి లేదు, అంకె లేదు.

మహేశ్వరరావు బోర్డంతా చెరిపి, ఐదుగురికీ కొత్తగా పేర్చాడు. ఈసారి ఐదో పడవకి వంతు ఉంది.

కొత్త ఆటలో నూకరాజు పరమ మొద్దు. పాత అలవాటు చొప్పున మొదటి వంతులోనే పడవ నిండా బెల్లం ఎక్కించాడు. తుపానులో బరువైన పడవ సగమే కదులుతుందని ఆయనకెవరూ చెప్పలేదు, చదివింది మూడో పేజీ దాకానే.

"బాబాయ్, సరుకు సముద్రంలో పారెయ్యాలి" అంది బిందుమాధవి.

"బెల్లాన్నా?"

"బెల్లాన్నే."

ఒక్కొక్క బిళ్ళే తీసి నీళ్ళలో పెడుతుంటే ఆయన మొహం చూసి ఎరుకమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని ఆయన కూడా నవ్వాడు. తన మీద వాళ్ళు నవ్వుతుంటే కోపం రాకపోవడం చూసి ఆయనకే వింతగా ఉంది. బిందుమాధవి రెండు అడుగులు అప్పిచ్చింది, మహేశ్వరరావు గాలి కార్డు ఆయన కోసం వాడేశాడు. ఎవరి చేతిలో ఏముందో దాపరికం లేకుండా బల్ల మీద పరిచి, ఐదుగురూ ఒక్కసారే మాట్లాడుతూ, ఒకరి పడవని ఒకరు జరుపుతూ ఉంటే, పాత బోర్డు ముందు కూర్చున్నారని ఎవరూ అనుకోరు. అప్పుడే పుట్టిన ఆటలా ఉంది.

మొదట ఎరుకమ్మ పడవ ఒడ్డెక్కింది. తర్వాత బిందుమాధవిది, మహేశ్వరరావుది. తుపాను చక్రం ఇంకొక్క గడి జరిగితే అయిపోతుంది. సముద్రంలో మిగిలినవి రెండు, నల్లదీ ఎర్రదీ. దేవీప్రసాద్ వంతులో తెరచాప చిరిగిన కార్డు వచ్చింది. అతని పడవ ఇక సొంతంగా కదలదు. ఒడ్డుకి రెండు గడుల దూరంలో ఆగిపోయింది.

ఆఖరి వంతు నూకరాజుది. మూడడుగులు ఉన్నాయి. ఆయన పడవకి ఒడ్డు సరిగ్గా మూడడుగులే.

"నువ్వెళ్ళిపో బావా" అన్నాడు దేవీప్రసాద్. ఆ రోజు అతను నూకరాజుతో మాట్లాడిన మొదటి మాట అదే. "నాది ఎలాగా పోయింది. నువ్వెక్కితే నాలుగు. ఇన్నాళ్ళలో నాలుగు ఎప్పుడూ ఎక్కలేదు."

నూకరాజు బోర్డు వైపు చూశాడు. అందరూ చూస్తున్నారు. లెక్క తెలియని వాళ్ళెవరూ అక్కడ లేరు. ఎర్ర పడవని లాగితే ఆ మూడడుగులకి ఒక్క గడే ముందుకు వస్తుంది, రెండూ మునుగుతాయి. వదిలేస్తే నల్లది ఒక్కటి బయటపడుతుంది. ఓటమి ఎటూ తప్పదు గానీ, నాలుగంటే ఈ బల్ల మీద ఇన్నాళ్ళలో పెద్ద అంకె.

ఆయన మొదటి అడుగుతో నల్ల పడవని జరిపి, ఎర్ర పడవ పక్కన పెట్టాడు. దారం తీసుకుని ముడి వేశాడు.

"బావా, లెక్క సరిపోదు."

"తెలుసు."

"మరేటి చేత్తన్నావు?"

"ఇన్ని వారాలు నువ్వు లాగేవు కదరా. ఒక్క గడి నన్ను లాగనీ."

మిగిలిన రెండడుగులతో రెండు పడవల్నీ కలిపి ఒక్క గడి ముందుకి తెచ్చాడు. ఒడ్డుకి ఇంకో గడి ఉందనగా వంతు అయిపోయింది. చక్రం జరపాల్సింది ఎరుకమ్మ. జరపబోయి ఆగింది.

దేవీప్రసాద్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. స్తంభాలెక్కి గరుకుబడ్డ చేతులు, మొహాన్ని ఇంకా ఎర్రగా చేస్తున్నాయి. ఆ రోజు కాటా గురించి అన్న మాట, అని మొదలుపెట్టాడు. నూకరాజు అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆ మాట ఇన్నాను. ఇదీ సూసేను. నాను రాకపోయినా మీరు నన్నొగ్గీలేదు. నాకు ఇంకేటీ ఒద్దు దేవీ." నలుగురి వైపూ చూసి, ఆయన మళ్ళీ అన్నాడు. "మీకు దణ్ణం పెట్టాల. ఎలా పెట్టాలో తెలీట్లేదు."

"ఆట ఆడి పెట్టు" అంది ఎరుకమ్మ, చక్రం జరుపుతూ.

తుపాను రెండు పడవల మీదుగా వెళ్ళిపోయింది. ఓడిపోయారు. మహేశ్వరరావు కార్డులు పోగుచేశాడు, బిందుమాధవి బిళ్ళలు ఏరింది. దేవీప్రసాద్ పడవలన్నీ తీసి పెట్టెలో సర్దాడు. నల్లదీ ఎర్రదీ మాత్రం దారం విప్పకుండా అలాగే కలిపి పెట్టి మూత వేశాడు.